లేవకూడని గీత

లేవకు తల్లీ, లేవకు, అలాగే పడుకో. లోకంలో తల్లులందరూ పొద్దున్నే లే లే అని దుప్పట్లు లాగుతారు, నేనొక్కదాన్నే కంప్యూటరు తెర ముందు కూచుని, ఇంకా పుట్టనైనా పుట్టని ఒక ఎర్ర గీతని జోకొడుతున్నాను. పక్కన మిషన్ గుర్రుపెడుతోంది. మూత వేసి, మీట నొక్కి, "ఇక మన చేతుల్లో ఏం లేదు మేడమ్, గంట పైనే పడుతుంది, మీరూ వచ్చి ఒక టీ తాగండి" అని మా టెక్నీషియన్ కింద క్యాంటీనుకి వెళ్ళిపోయారు. టీ అట టీ. ఇప్పుడు నాకు మంచినీళ్ళే దిగడం లేదు, ఛ, మంచినీళ్ళ మాట ఎత్తకూడదు, నిన్నటి నుంచి ఆ మాటంటేనే సిగ్గేస్తోంది. మిషన్‌లో పెట్టిన ప్లేటు గుంటల్లో ఉన్నది జడ్జిగారి ఎముక మూలుగలోంచి తీసిన సరుకు. ఎర్ర గీత లేవకపోతే లుకేమియా, అదే ఆ రక్తం క్యాన్సరు, పోయినట్టే, జడ్జిగారు తేలిక మందులతో ఇంటికి వెళ్తారు, బడికి వెళ్తారు. లేస్తే, వద్దు, ఆ మాట వద్దు, లేస్తే ఆమె సొంత మూలుగంతా మందులతో తుడిచేసి వాళ్ళ అన్నయ్య మూలుగ ఎక్కించాలి, నెలల తరబడి తలుపులు మూసిన గదిలో ఒంటరిగా ఉంచాలి, ఆ నోరు అన్నాళ్ళు ఎవరితో వాదిస్తుంది, గోడలతోనా, వద్దన్నానా ఆ మాట.

జడ్జిగారికి ఆరేళ్ళు. వాళ్ళ తాత కోర్టులో గుమాస్తా, ఆయన ఒళ్ళో కూచుని మాటలు నేర్చింది కాబట్టి వాయిదా, సాక్ష్యం, తీర్పు లాంటివన్నీ ఉగ్గుతో వచ్చేశాయి. జబ్బు తేలిన వారంలోనే డాక్టరమ్మని నిలదీసింది, "ఎల్లుండి ఎల్లుండి అని ఎన్నిసార్లు వాయిదా వేస్తావ్? ఎప్పుడు పంపిస్తావో ఇవాళే తేల్చు." ఆ డాక్టరమ్మ కాలేజీ నాటి నుంచీ నా నేస్తం, పరీక్షల్లో కూడా బెదరని మనిషి, ఆ పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచి వార్డు మొత్తానికి ఆమె జడ్జిగారు, మాటకి ముందు గారు, మాట తర్వాత అండి. వార్డు కింది అంతస్తులో, పొడుగాటి వరండా మాత్రం మా ల్యాబు ముందుదే, అద్దాల గోడ, అందుకని వార్డు పిల్లలందరూ సెలైను స్టాండు తోసుకుంటూ లిఫ్టెక్కి ఇటే షికారుకొస్తారు. జడ్జిగారు మాత్రం షికారుకి రారు, తనిఖీకి వస్తారు. ముక్కు అద్దానికి ఆనించి నన్ను చూస్తారు, చెయ్యి ఊపుతారు, నేనూ ఊపాలి, ఊపకపోతే కేసే. అద్దం ఆంటీ అని నాకు పేరు పెట్టింది కూడా ఆవిడే. అక్కడే కదా వచ్చింది తంటా అంతా.

నిన్న నిదానంగారు సెలవు. నిదానంగారంటే ఈ టెక్నీషియనే, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు, నిదానమే ప్రధానం అన్న సామెతకి కాళ్ళూ చేతులూ మొలిస్తే ఆయనే. కూతురికి పెళ్ళిచూపులని పూట సెలవు పెట్టారు, సాయంత్రం వచ్చి నేనే చేస్తాను ఆగండి మేడమ్ అన్నారు కూడా. ఆగితేనా నేను? ముప్ఫై ఏళ్ళ అనుభవం, గోడ మీద పటాలు, ఇంత మందికి పాఠాలు చెప్పిన దాన్ని, ప్లేటు పెట్టుకోలేనా అని తెల్లకోటు చేతులు మడిచాను. మా పనిలో అన్నీ నీళ్ళలాగే ఉంటాయి, రంగుండదు, వాసనుండదు, దేంట్లోంచి తీశామో దేంట్లోంచి తియ్యలేదో కళ్ళకి తెలియదు. అందుకని ఒక పద్ధతి, ఏ ట్యూబులోంచి పిపెట్‌తో చుక్క తీశామో ఆ ట్యూబుని స్టాండులో వెనక వరసకి జరపాలి. వెనక వరసలో ఉంటే పనైపోయినట్టు. నేను జడ్జిగారి ట్యూబు చేతిలోకి తీసుకున్నానో లేదో అద్దం మీద టకటక. తలెత్తితే ముక్కు చప్పిడి చేసుకుని జడ్జిగారు. కుడిచేతిలో పిపెట్, ఎడమచేతిలో ట్యూబు, ఏ చేత్తో ఊపను? ట్యూబుని స్టాండులో పెట్టేసి ఎడమచేయి ఊపాను, నవ్వాను, గాలి ముద్దు కూడా పంపాను, పెద్ద పోటుగత్తెని. తిరిగి చూస్తే ట్యూబు వెనక వరసలో ఉంది. ఓహో, అయిపోయింది కదా అని పక్కదానికి వెళ్ళిపోయాను. జడ్జిగారి గుంటల్లో జడ్జిగారు పడనే లేదు.

సాయంత్రం ఎర్ర గీత లేవలేదు. లేస్తుందా మరి, ఖాళీ గుంటలో ఏం లేస్తుంది నా మొహం. నేను మాత్రం కుర్చీలోంచి లేచి గిరగిరా తిరిగాను, డాక్టరమ్మకి ఫోను చేసి "సున్నా, సున్నా, సున్నా" అని మూడుసార్లు అరిచాను, అవతల అది కూడా అరిచింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పుడే వచ్చారు నిదానంగారు, చెప్పులు విప్పి, ల్యాబు చెప్పులు తొడుక్కుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని, అవును ఒక్కొక్కటీ పెట్టుకుని, తెర దగ్గరికి వచ్చి నీలం బొత్తాం నొక్కారు. నీలం గీత అంటే ఏ మనిషిలోనైనా ఉండే మామూలు జన్యువు, జబ్బుకీ దానికీ సంబంధం లేదు, గుంటలో అసలు ఆ మనిషి ఉన్నట్టు సాక్ష్యం చెప్పడానికే అది. అదీ లేవలేదు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మెల్లగా అడిగారు, "జబ్బు లేదు, సరే మేడమ్. పిల్ల ఏదీ?"

అబ్బ, ఆ మాట. పప్పులో కాలేశాను అనుకోవడానికి కూడా వ్యవధి లేదు, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పడ్డాను, ఈ మోకాళ్ళతో, కోటు ఎగురుతుంటే, అడ్డొచ్చినవాళ్ళని తప్పుకోండి తప్పుకోండి అంటూ. వార్డు తలుపు తోసేసరికి డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి ఉంది, జడ్జిగారి తల్లి లేచి నిలబడింది, తండ్రి అప్పటికే చేతులు జోడించబోతున్నాడు, "మీకొక మంచి..." అని డాక్టరమ్మ నోట్లోంచి వచ్చేసింది. "మంచినీళ్ళు!" అని అరిచాను నేను. ఏం చెయ్యను, నోటికి అదే వచ్చింది. "మంచినీళ్ళు కావాలి, అర్జెంటుగా." ఆ తల్లి పాపం కంగారుపడి సీసా అందించింది, నేను గటగటా తాగాను, తాగుతూ కళ్ళతోనే డాక్టరమ్మకి వద్దు వద్దు అని చెప్పాను, దాని మొహం తెల్లబోయింది. జడ్జిగారు మాత్రం కళ్ళు చిన్నవి చేసి, "పైనుంచి పరిగెత్తుకొచ్చి మా నీళ్ళు తాగుతావేంటి? మీ దగ్గర నీళ్ళు లేవా?" అంది. లేవు తల్లీ, ఉన్నవన్నీ నీ గుంటల్లో పోశాను. పరీక్ష మళ్ళీ చెయ్యాలి, రేపు చెప్తాం అంటే, "మళ్ళీ వాయిదానా!" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూసి నాకు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది, మెట్ల మీద కూచుని ఏడ్చి పైకొచ్చాను. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే? మందులు తగ్గించేసేవాళ్ళు, లోపల ఏముందో తెలియకుండా. అందుకే ఇవాళ ప్లేటు మళ్ళీ నేనే పెట్టాను, నిదానంగారు పక్కనే నిలబడి ప్రతి చుక్కకీ "పడింది" అన్నారు, పడింది, పడింది, పెళ్ళిలో అక్షింతల్లాగా. మధ్యలో అద్దం మీద టకటక. తల ఎత్తలేదు. మళ్ళీ టకటక. నేను తల ఎత్తలేదు, నా మెడ కొయ్యలా బిగుసుకుపోయింది. పని అయ్యాక చూస్తే అద్దం మీద ముక్కు ముద్ర ఒక్కటే ఉంది, జడ్జిగారు లేరు.

అదిగో, మొదలైంది. ఎర్ర గీత లేచింది, హమ్మయ్య, ఇది లేవాల్సిందే, ఇది జబ్బు తేలిన రోజు తీసి దాచిన మూలుగ, నిండా దొంగ కణాలే. దాన్నే పదింతలు పలచన చేస్తూ వరసగా పెట్టాం, కాసేపటికి రెండోది లేస్తుంది, ఇంకాసేపటికి మూడోది, మిషన్ ఎంత సన్నటి ఆనవాలు పట్టగలదో చూడటానికి. వాటి కింద నేలకి అతుక్కుని ఉన్నవి మూడు, ఇవాళ్టి జడ్జిగారివి. పడుకోండి, మీరు పడుకోండి. మా అత్తగారికి ఒకసారి ఇదంతా చెప్పాను. ఆవిడ ఇప్పటికీ మిషన్ తొక్కుతారు, కుట్టు మిషన్, వీధిలో పిల్లల గౌన్లన్నీ ఆవిడవే. తెల్ల కణం పుట్టినప్పుడు తన జన్యువుల్ని తనే ముక్కలు కత్తిరించి అతికించుకుంటుంది అత్తయ్యా, రకరకాల రోగాలతో పోరాడాలి కదా, ఆ అతుకు ఏ రెండు కణాల్లోనూ ఒకలా ఉండదు, కానీ జబ్బు కణం తన అతుకునే తన సంతానమంతటికీ ఇస్తుంది, ఆ అతుకు చూసి పట్టుకుంటాం, ఒక్కో పిల్లకి ఒక్కో కొలత, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు అన్నాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆది గౌను ఉంచుకుని కొత్తది కుడతాం చూడు, అలాగన్నమాట" అన్నారు. అచ్చం అలాగే. ఆ తర్వాత తలెత్తి, "అయితే అమ్మాయ్, చివరికి ఏం దొరకాలి?" అన్నారు. ఏమీ దొరక్కూడదు అత్తయ్యా. "ఏమీ లేదని చెప్పడానికా ఇన్ని మిషన్లు! మా వంటింట్లోకి రా, ఊరికే చెప్తాను." నవ్వి నవ్వి చచ్చాను. నిజమే మరి, కొండను తవ్వి ఎలుకను పట్టారని వెక్కిరిస్తారు జనం, మేం కొండంతా తవ్వి ఎలుక లేదని తేల్చి పండగ చేసుకునేవాళ్ళం.

రెండోది లేచింది. చక్కగా, సమయానికి. ఆ కత్తిరింపుల్లోనే పొరపాటు జరుగుతుంది, తల్లి కడుపులో ఉండగానే చాలాసార్లు, రెండు ముక్కలు పోయి తప్పు చోట అతుక్కుంటాయి. అలా అతుక్కున్న పిల్లల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు, ఎందుకు రాదు అన్నదే నా పరిశోధన, వచ్చినవాళ్ళ సంగతి అందరూ చూస్తారు, రానివాళ్ళని ఏది కాపాడిందో చూడాలని నా పిచ్చి. జడ్జిగారి తల్లి ఒకరోజు వరండాలో నా కొంగు పట్టుకున్నంత పని చేసింది, "నేను కడుపుతో ఉన్నప్పుడు ఏం తప్పు చేశానండీ? తిండా? మందులా? బరువులెత్తానా?" అని. ఏం చెయ్యలేదమ్మా, నువ్వేం చెయ్యలేదు, కణం తొందరపడింది అంతే, కోట్లసార్లు సరిగ్గా చేసి ఒక్కసారి పొరబడింది. అప్పుడు పుస్తకం మాటలా చెప్పాను, నిన్నటి నుంచి బాగా అర్థమవుతోంది, చెయ్యి ఊపినంత సేపట్లో అయిపోతుంది పొరపాటు, ఊపిన చెయ్యి చెడ్డదేం కాదు. కణంలో కూడా ఒక నిదానంగారుంటారు, రాసింది తిరిగి చదివి, మేడమ్ ఇది చూశారా అని అడిగే మనిషి. ఆయన ఆ పూట సెలవులో ఉంటే ఏం చేస్తాం. మళ్ళీ కలిసినప్పుడు ఆ తల్లికి ఈ మాట చెప్పాలి, నవ్వుతుందేమో.

మూడోది రావాలి ఇప్పుడు. రా. ఫ్రీజరు బొంయ్‌మని మోగింది మూలన, దీనికీ ఇవాళే గొంతు లేవాలి, మొన్ననే బాగుచేసి వెళ్ళాడు ఫ్రీజరు మెకానిక్కు. ఆరడుగుల మనిషి, మీసాలు, భుజాన పనిముట్ల సంచి, చూస్తే ఎవరూ నమ్మరు, నేను ఈ ల్యాబులో చేరిన కొత్తల్లో నాలుగేళ్ళ పిల్లాడు, బోడిగుండుతో నా కుర్చీ కింద కారు తోలుకునేవాడు. వచ్చినప్పుడల్లా ఫ్రీజరు తలుపు మీద మెల్లగా తట్టి, "నా ముక్క ఇంకా లోపలే ఉందా మేడమ్?" అంటాడు. ఉందిరా, కింద అరలో, నీ చిన్నప్పటి జబ్బంతా ఉంది. "అయితే జాగ్రత్తగా చూస్తాను లెండి, కరెంటు పోతే లేచి కూచుంటుందేమో" అని పకపకా నవ్వుతాడు. వాడి కాలంలో ఈ ఎర్ర గీతలు లేవు, అందరికీ ఒకటే మోతాదు, తట్టుకున్నవాడు బతికాడు. ఇప్పుడు జడ్జిగారికి మందు బిళ్ళ సగమే ఇస్తున్నాం, ఆ మందుని కరిగించే జన్యువు ఆవిడలో నెమ్మది రకమని ముందే చూసుకున్నాం కాబట్టి, నిండు బిళ్ళ ఇచ్చి ఉంటే ఆ మందే కూల్చేసేది. నాకు అరబిళ్ళేనా, అన్నయ్యకి జ్వరమొస్తే నిండు బిళ్ళ ఇచ్చారు అని దాని మీద కూడా వాదించింది లెండి. ఆ మెకానిక్కు పక్క మంచంలో అప్పట్లో ఒక పిల్ల ఉండేది, నా గాజులు లెక్కపెట్టేది, ఆ పిల్ల ముక్క కూడా అదే అరలో ఉంది. దాన్ని అడగడానికి ఎవరూ రారు. ఫ్రీజరు మంచు దులిపినప్పుడు ఆ పెట్టె నేనే తీస్తాను, ఇంకొకర్ని తియ్యనివ్వను.

మూడోది లేచింది, దాని వెనకాలే నాలుగోది, అయిదోది, సన్నగా ఆఖరుదీ. అంటే లక్షలో ఒక్క దొంగ ఉన్నా మిషన్ పట్టేస్తోంది ఇవాళ. ఇక నేల మీద మిగిలినవి మూడే. కాలు కాలిన పిల్లిలా ఈ కుర్చీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, కూచో, కూచో, తిరిగితే గీత ఆగుతుందా. నీలం బొత్తాం నొక్కి చూడొచ్చు, పిల్ల గుంటలో ఉందో లేదో ఈపాటికి తేలిపోయి ఉంటుంది. వేలు దాని మీదకి వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది. నిన్న దాచిన సరుకు రాత్రికి రాత్రి పాడైతే? నీలం కూడా లేవకపోతే మళ్ళీ ఆ వీపులో సూది, మళ్ళీ వాయిదా, ఆ కళ్ళలోకి ఎలా చూడను. అమ్మో, కదిలింది. మూడింట్లో ఒకటి కదిలింది. మధ్యది, కొంచెం పైకి, ఇదిగో ఇంత, గోరంత.  వద్దమ్మా. బడి సంచి కొనుక్కుంది, తాత కొనిచ్చాడు, దాని మీద బాతు బొమ్మ ఉంది, దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది, వద్దు. వెనక అడుగుల చప్పుడు, మెల్లగా, ఇంత మెల్లగా నడిచేది ఒక్కరే. "బుడగ మేడమ్" అన్నారు నిదానంగారు నా భుజం మీంచి చూస్తూ, టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. "బుడగ పగిలితే అలాగే ఉలిక్కిపడుతుంది. నిజంగా లేచేదైతే మళ్ళీ కూచోదు. చూడండి." చూశాను. గోరంత పైకి లేచిన గీత అక్కడే ఒకసారి తడబడి, కిందికి దిగి, మిగతా రెండింటి పక్కన సర్దుకుని పడుకుంది. నేను ఊపిరి వదిలిన చప్పుడుకి ఆయన టీ తొణికింది.

మిషన్ ఆగింది. అంత గోల చేసిన మిషన్, ఆగితే గదంతా బోసిపోయింది. ఎర్రవి మూడూ నేల మీదే ఉన్నాయి. "నీలం నొక్కండి మేడమ్." మీరు నొక్కండి. "మీరే నొక్కండి, నిన్న నేను నొక్కి తిట్లు తిన్నాను" అని నవ్వారు, నేనెప్పుడు తిట్టాను, మనసులో తిట్టానేమో. కళ్ళు మూసుకుని నొక్కాను. కాసేపు తెరవలేదు. తెరిచేసరికి తెర నిండా నీలం. ఒక్కొక్క గుంటలోంచీ ఒక్కొక్క గీత, మూడుకి మూడూ, ఒకే వంపు, ఒకే ఎత్తు, నిటారుగా, ఎవరన్నారు నేను లేనని అన్నట్టు. ఫోను చేస్తే మొదటి మోతకే ఎత్తింది డాక్టరమ్మ, వార్డు తలుపు బయటే నిలబడి ఉందేమో.

"చెప్పవే."

"పిల్ల ఉంది" అన్నాను.

"జబ్బు?"

"లేదు. పిల్ల ఉంది, జబ్బు లేదు. పిల్ల ఉందే, నిండా ఉంది."

 అవతల ముక్కు చీదిన చప్పుడు. "నేను లోపలికి వెళ్ళి చెప్పేస్తాను, ఈసారి మధ్యలో వచ్చి మంచినీళ్ళు అడగవు కదా?" అడగను, ఫో, చెప్పు, వెళ్ళు. పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నవ్వుతున్నాను, కళ్ళు కారుతున్నాయి, నిదానంగారు అటు తిరిగి నిలబడి అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లని తుడుస్తున్నారు.

అప్పుడు కనపడింది వరండాలో. బాతు సంచి భుజాన వేసుకుని, సెలైను స్టాండు పట్టుకుని, అద్దానికి వీపు పెట్టి నిలబడి ఉన్నారు జడ్జిగారు, అలిగారు, నేను చూడాలని, నాకు తెలిసేలా అలిగారు. కబురు ఇంకా ఆవిడ దాకా రాలేదు. నేను వెళ్ళి లోపలి నుంచి అద్దం మీద టకటక కొట్టాను. తిరగలేదు. మళ్ళీ కొట్టాను. మెల్లగా తల తిప్పి, పొద్దుటి ముక్కు ముద్ర మీంచి నన్ను కిందనుంచి పైదాకా చూసింది, ఇప్పుడు గుర్తొచ్చానా అన్నట్టు. నా చేతుల్లో పిపెట్ లేదు, ట్యూబు లేదు. రెండు చేతులూ తలపైకి ఎత్తి ఊపాను, రైలెక్కినవాళ్ళకి ఊపినట్టు, కోటు జేబులోంచి పెన్నులు రాలిపడుతున్నా ఊపుతూనే ఉన్నాను. జడ్జిగారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత స్టాండు వదిలేసి, ఆవిడ కూడా రెండు చేతులూ ఎత్తారు.